కూలిన పనస, పలికిన తంత్రి

శ్రీకాకుళము జిల్లాకు ఈశాన్యమున, మహేంద్రగిరి పాదములకును బంగాళాఖాతమునకును నడుమ, ఉద్దానమను ప్రాంతము కలదు. ఉద్యానమను మాటయే జనుల నోట నలిగి ఉద్దానమైనదని చెప్పుదురు. పలాస, మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు మొదలగు మండలముల తోటలను ఒక్కసారి చూచినవారు ఈ పేరు ఊరక రాలేదని ఒప్పుకొందురు. ఇసుక కలిసిన నేల, సముద్రపు గాలి, కొబ్బరి, జీడిమామిడి, మామిడి, పనస – ఇవి ఉద్దానపు సంపద. వీనిలో కొబ్బరికిని జీడికిని పేరెక్కువ. పలాస జీడిపప్పును దేశమంతయు నెరుగును. పనసను మాత్రము పండ్లకాలమున తలచుకొని, తక్కిన దినములలో మరచిపోవుట పరిపాటి. ఆ చెట్టును గూర్చియు, దాని కలపనుండి పుట్టు నాదమును గూర్చియు ఇచట కొంత తెలిసికొందము.

పనసచెట్టు పెరటిలో పుట్టి పెరటిలోనే ముసలిదగును. తాత నాటిన మొక్కకు మనుమడు నిచ్చెన వేయును. దాని మ్రాను చక్కగా లావెక్కుటకు ముప్పది నలువది యేండ్లు పట్టును. కోసి చూచినచో వెలుపల తెల్లని మెత్తని చెక్కయు, లోపల పసుపువన్నె చేవయు కనబడును. కోసిన దినమున నిమ్మపండువలె నుండు ఆ చేవ, గాలియు వెలుతురును సోకిన కొలది తేనెరంగునకును, పిదప కాచురంగునకును మారును. ఆ పసుపును నీట కాచి తీసి, బర్మా మొదలగు దేశములలో బౌద్ధభిక్షువుల వస్త్రములకు అద్దకము వేయుట పూర్వాచారము. చెదపురుగు ఈ చేవను సులభముగా తినజాలదు. కావుననే మన పెద్దలు దానిని తలుపులకును, ద్వారబంధములకును, ధాన్యపు పెట్టెలకును వాడిరి. మృదంగపు కట్టెయు పనసదే. వీణయు పనసదే.

2018 అక్టోబరు 11వ తేది తెల్లవారుజామున తిత్లీ అను తుపాను పలాస సమీపమున తీరము దాటెను. తిత్లీ యనగా హిందీ ఉర్దూ భాషలలో సీతాకోకచిలుక. అంత సుకుమారమైన పేరు పెట్టినవారు దాని పనిని ముందుగా నెరుగరు గదా! గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. అంతకు ఐదేండ్లకు ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ తుపాను గోపాలపురము కడ తీరము దాటుచు ఈ తోటలను కదల్చి పోయెను. మరుసటి యేట సరిగా అదే తేదిని హుద్‌హుద్ విశాఖపట్టణముపై బడెను. తిత్లీ ఉద్దానమునే గురిచేసి వచ్చినట్లు వచ్చెను. కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో నేలకొరిగెను. జీడితోటలు వేళ్లతో పెల్లగిలెను. పెద్ద తల కలిగిన పనసలు తడిసిన యిసుకలో నిలువలేక పడిపోయెను. ఒక్క తెల్లవారుజామున మూడు తరముల నీడ పోయినది.

తుపాను గడచిన మరునాడు పల్లెలలో జరుగునది యేమి? ఇంటిపై కప్పు లేదు. దీపము లేదు. త్రాగునీటికై క్రోసెడు దూరము నడువవలెను. దారికి అడ్డముగా పడిన మ్రాను ఎంత విలువైనదో ఆలోచించుటకు ఆ సమయమున ఎవరికిని తీరిక యుండదు. రంపము దెచ్చిన వాడు దానిని మూరెడేసి ముక్కలుగా కోసి ప్రక్కకు దొర్లించును. పొయ్యిలోనికి పోవు కట్టెకు మూరెడు పొడవు చాలును. వీణకు చాలదు. నాలుగడుగులకు పైబడిన పొడవు, అడుగునకు మించిన లావు, పగులు లేని చేవ – ఇవి యున్న దుంగనుండియే నిండు వీణ పుట్టును. అట్టి దుంగను ఒక్కసారి అడ్డముగా ఖండించినచో, మరల దానిని వీణగా చేయుట యెంతటి వడ్రంగికిని సాధ్యము కాదు. నలువది యేండ్లు పెరిగిన చెట్టు వీణ యగునో, వంటచెరకగునో రంపము మొదటి గాటుతోనే తేలిపోవును.

మందస సీమవారికి కట్టె విలువ ఎవరును చెప్పనక్కరలేదు. జమీందారీ దినములలో అడవిలోని కలపపై హక్కెవరిదను తగవు ఇచటనే రక్తపాతమునకు దారితీసెను. 1940లో గుడారి రాజమణిపురమున రైతులు కలప హక్కుకై నిలువగా పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మ యను రైతు స్త్రీ ఆ కాల్పులలో అసువులు బాసెను. వీర గున్నమ్మ యని ఆమెను నేటికిని ఆ ప్రాంతమువారు స్మరించుచున్నారు. నాగలికిని, ఇంటివాసమునకును కట్టె దొరకక ప్రాణములిచ్చిన నేలపై, తుపాను పడగొట్టిన కలప వృథాగా బూడిద యగుట విచారింపదగిన విషయమే.

ఇక పనసను వీణగా మార్చువారి చెంతకు పోదము. విజయనగరము జిల్లాలో బొబ్బిలి పట్టణమునకు సమీపమున గొల్లపల్లి యను గ్రామము కలదు. 1979లో విజయనగరము జిల్లా యేర్పడువరకును బొబ్బిలి తాలూకా శ్రీకాకుళము జిల్లాలోనిదే. కావున మందసవారికిని గొల్లపల్లివారికిని కొంతకాలము కలెక్టరు కచేరి యొక్కటియే. బొబ్బిలి యనగానే 1757 జనవరి 24న జరిగిన యుద్ధమే మనకు తలపునకు వచ్చును. తాండ్ర పాపారాయుని కథ చెప్పించుకొని విననివారు అరుదు. కాని ఆ సంస్థానమున కత్తి పట్టినవారితో పాటు ఉలి పట్టినవారును గలరు. బొబ్బిలి ప్రభువుల ఆదరమున వీణల తయారీ ఆ సీమలో వేరూనుకొనెను. సర్వసిద్ధి యను ఇంటిపేరుగల కుటుంబములవారు తరతరములుగా ఈ పని చేయుచున్నారు. వారి చేతిపనికి బొబ్బిలి వీణ యను పేర భౌగోళిక సూచికల చట్టము క్రింద గుర్తింపు లభించినది. ఆ పేరును వేరొక ప్రాంతమువారు తమ సరకునకు పెట్టుకొనరాదని దాని భావము.

వీణలు రెండు విధములు. కుండ, దండి, యాళి తల – ఈ మూడింటిని వేరువేరుగా చెక్కి అతికినది యొకటి. మూడును ఒకే దుంగనుండి తొలిచి తీసినది మరియొకటి. రెండవదానిని ఏకాండ వీణ యందురు. బొబ్బిలికి పేరు తెచ్చినది ఈ ఏకాండమే. అతుకు లేనందున తంత్రి కంపనము కుండనుండి యాళి వరకును అడ్డు లేక ప్రసరించునని విద్వాంసుల నమ్మకము. అతుకు వీణలలోను మంచి నాదము గలవి యెన్నో యుండుటచే ఈ నమ్మకమును పూర్తిగా సిద్ధాంతము చేయలేము. చెక్కువాని శ్రమ మాత్రము ఏకాండమునకు హెచ్చనుట నిజము. అతుకు వీణలో కుండకు పగులు వచ్చినచో కుండనే మార్చవచ్చును. ఏకాండములో చివరి దినమున ఉలి జారినను నెలల పని నష్టమగును.

పని యెట్లు సాగునో చూడుడు. మొదట దుంగను నిలువునా చీల్చి నీడలో ఆరవేయుదురు. తొందరపడి ఎండలో పెట్టినచో వెలుపలి పొర ముందుగా ఎండి కుదించుకొనును. లోపలి పచ్చిభాగము కుదించుకొనదు. ఈ పోరాటమున కలప చీలిపోవును. కొంత ఆరిన పిదప బాడిసతో వెలుపలి రూపము దీయుదురు. ఈ దశలో దుంగ చూచువారికి పెద్ద గరిటెవలె కనబడును. తరువాత ఉలితో కుండను లోపలినుండి తొలుతురు. ఇదియే అసలు విద్య. గోడ మందముగా మిగిలినచో నాదము లోపలనే ఉండిపోవును. పలుచనైనచో కొలదికాలమునకే పగులును. పనివాడు మాటిమాటికి కుండ వీపుపై వ్రేలితో కొట్టి చెవి యొగ్గి వినును. ఏ చోట మ్రోత మందగించినదో ఆ చోట మరికొంత చెక్క తీయును. ఎంత తీయవలెనో చెప్పు కొలబద్ద యేదియు లేదు. ఆ జ్ఞానము తండ్రి వ్రేలినుండి కొడుకు చెవికి వచ్చినది.

కుండపై పలక నమర్చిన తరువాత గుఱ్ఱము నిలుపుదురు. తంత్రుల బరువు మోయునది గుఱ్ఱమే. దానిపై లోహపు రేకు ఉండును. ఆ రేకును ఆకురాయితో అతిసూక్ష్మముగా వంపు దిద్దుదురు. ఆ వంపు కుదిరిననే వీణకు ప్రత్యేకమైన ఆ నిడుపాటి మ్రోత వచ్చును. బిరడలు బిగించి ఏడు తంత్రులు కట్టుదురు. నాలుగు వాయించుటకు, మూడు శ్రుతితాళములకు. దండి క్రింద రెండవ బుఱ్ఱ నమర్తురు. దండిపై తేనెమైనమున నల్లని పొడి కలిపి రెండు వరుసలుగా పోసి, దానిలో ఇరువదినాలుగు మెట్లు నాటుదురు. ఒక స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు. 17వ శతాబ్దమున తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున వీణకు ఈ లెక్క కుదిరినదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. మైనములో మెట్లు నాటుటవలన ఒక సౌలభ్యము కలదు. శ్రుతి తప్పినచో మైనమును కొంచెము వేడిచేసి మెట్టును వెండ్రుకవాసి జరుపవచ్చును. పూర్వము అంచులకు దంతము, జింకకొమ్ము తాపి నగిషీ చేసెడివారు. వన్యప్రాణి రక్షణ చట్టములు వచ్చిన పిదప వాని స్థానమున ప్లాస్టిక్కు రేకులు వచ్చినవి. చూపునకు కొంత తక్కువైనను ఏనుగునకు మేలైనది.

ఇంత శ్రమకును పాత కలపయే కావలెనని పనివాండ్రేల పట్టుపట్టుదురు? దీనికి కారణము ప్రకృతిశాస్త్రములో నున్నది. పచ్చి కలపలో నీరు రెండు తావులలో నుండును. కణముల నడిమి గుల్లలలో కొంత, కణముల గోడలలో కొంత. గుల్లలలోని నీరు మొదట పోవును. అప్పుడు కలప తేలికయగునే గాని కుదించుకొనదు. తేమ సుమారు 30 శాతమునకు దిగిన తరువాత గోడలలోని నీరు కదలుట కారంభించును. కుదించుట, వంగుట, చీలుట అప్పుడే. అదియు అన్ని దిక్కుల సమానముగా జరుగదు. చెట్టు వలయముల వెంబడి ఎక్కువగాను, నడిమినుండి వెలుపలికి తక్కువగాను, నిలువున అత్యల్పముగాను కుదించుకొనును. దశాబ్దములు గాలిలో నిలిచిన కలప ఈ ఆటుపోటులన్నియు చవిచూచి స్థిరపడియుండును. కాలము గడచిన కొలది కణపు గోడలలోని కొన్ని పదార్థములు క్షీణించుటచే అది వానకాలమునను మునుపటివలె తేమను పీల్చుకొనదు. కావుననే పాత కలపతో చేసిన వాద్యము ఋతువు మారినను శ్రుతి నిలుపుకొనును.

మరియొక సంగతి. తంత్రి సన్ననిది. అది యొక్కతియే గాలిని కదల్పజాలదు. గోడకు కొట్టిన రెండు మేకుల నడుమ తీగ బిగించి మీటినచో దగ్గరనున్నవారికే వినబడదు. ఆ కంపనము గుఱ్ఱము ద్వారా పలకకు, పలకనుండి కుండకు, కుండలోని గాలికి సంక్రమించినప్పుడే సభ యంతయు వినగలదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఎండిన కలపలో నారవెంబడి అంతకు పదిరెట్లకు పైగా వేగముతో పోవును. నార వంకరలైనను, నడుమ ముడియున్నను ఆ ప్రయాణమునకు ఆటంకము. అందుకే పనివాడు దుంగను కొనుటకు ముందు నార నడకను చూచును.

వీణకును పాశ్చాత్యుల గిటారునకును ఈ విషయమున భేదము లేదు. ఆకారము వేరు, నీతి యొక్కటి. గిటారునకు ఆరు తంత్రులు. మెట్లు చెక్కలో స్థిరముగా నాటబడును. దాని పైపలక రెండున్నర మూడు మిల్లీమీటర్ల మందమునకు మించదు. ఈ పలకయే ప్రాణమని నిరూపించినవాడు స్పెయిను దేశస్థుడైన ఆంటోనియో దె తోరెస్. ఇతడు 1817లో జన్మించి 1892లో మరణించెను. నేడు మనము చూచు గిటారు రూపమును చాలవరకు నిర్ణయించినది ఇతడే. 1862లో ఇతడొక వింత చేసెను. పైపలకను మాత్రము మంచి కలపతో చేసి, ప్రక్కలను వీపును గుజ్జుకాగితపు అట్టతో చేసెను! ఆ గిటారు బార్సెలోనా నగర సంగీత ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నది. ఖరీదైన కలపయే గొప్ప వాద్యమునకు మూలమను గర్వమునకు అది చక్కని జవాబు.

అయినను లోకము ఖరీదైన కలప వెంటబడుట మానలేదు. గిటారు ప్రక్కలకును వీపునకును బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్డు శ్రేష్ఠమని పేరుబడెను. కోసికోసి ఆ చెట్లు అరుదయ్యెను. దుంగల ఎగుమతిని బ్రెజిలు ఆపివేయగా, మార్టిన్ అను పేరుపొందిన అమెరికా గిటారు సంస్థ 1969లో మన దేశపు రోజ్‌వుడ్డునకు మారెను. మనవారు జిట్రేగి యనునది ఈ చెట్టే. 1992లో బ్రెజిలు రోజ్‌వుడ్డుతో అంతర్జాతీయ వ్యాపారమును దేశముల నడిమి ఒడంబడిక నిషేధించెను. 2017 జనవరిలో జిట్రేగితో సహా ఆ జాతి చెట్లన్నియు అదుపులోనికి వచ్చెను. ప్రపంచమందలి వాద్యకారులు గగ్గోలు పెట్టగా, 2019లో తయారైన వాద్యములకు సడలింపు కలిగెను. ఒక దేశపు అడవి తరిగినచో మరియొక దేశపు అడవికి ఎసరు వచ్చుట ఇందు గమనింపదగినది. ఈ చిక్కు కారణముగనే వాద్యనిర్మాతలు పలువురు కూలగొట్టిన యిండ్ల దూలములను, పాత బల్లలను, నదుల అడుగున మునిగియున్న దుంగలను వెదకుచున్నారు.

ఇట్టి వాద్యములలో రెండింటి చరిత్ర మిక్కిలి రుచికరముగా నుండును. ఇంగ్లండులో బ్రయన్ మే అను పదునారేండ్ల బాలునకు గిటారుపై మక్కువ కలిగెను. కొనుటకు సొమ్ము లేదు. 1963లో అతడును, అతని తండ్రి హెరాల్డును ఇంటనే గిటారు చేయ మొదలిడిరి. దండికి కలప యెక్కడిది? ఇంటిలో చలి కాచుకొను పొయ్యి చుట్టు కట్టు కలప చట్రమొకటి దొరకెను. అది నూరేండ్లకు పైబడిన మహాగని. దానిలో పురుగు తొలిచిన రంధ్రములు గలవు. వానిని అగ్గిపుల్లలతో పూడ్చిరి. కాండమునకు పాత బల్లలోని ఓకు చెక్క వాడిరి. స్వరమును ఊగించు మీటకు పాత మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు అమర్చిరి. అది విద్యుత్తుతో పలుకు గిటారు. తయారగుటకు రెండేండ్లు పట్టినది. ఆ బాలుడు పెరిగి జగత్ప్రసిద్ధుడైన గాయకబృందమున ఆ గిటారునే జీవితమంతయు వాయించెను. అంతేగాక ఖగోళశాస్త్రమున పరిశోధన సాగించి 2007లో డాక్టరు పట్టమును పొందెను. తండ్రీకొడుకులు చేసిన ఆ గిటారు నేటికిని శ్రుతి తప్పలేదు.

రెండవది అమెరికాలోనిది. బాబ్ టేలర్ అను గిటారు నిర్మాత 1995లో తన కార్ఖానా ఆవరణలో పడియున్న ప్యాలెట్టు నొకదానిని తీసికొనెను. ప్యాలెట్టు అనగా సరకుల మూటలను దొంతులుగా పేర్చుటకు క్రింద పరచు చెక్క చట్రము. మేకులతో తూట్లుపడి, పనితీరిన పిదప పారవేయునది. దానిలోని ఓకు పలకలతో వీపును ప్రక్కలను, ఇండ్లకు వాడు సాధారణమైన వాసపు కలపతో పైపలకను చేసెను. మేకుల రంధ్రములను దాచక, వానిచుట్టు లోహపు బిళ్లలు తాపెను. దండిపై, అలంకారముగా, ప్యాలెట్లను మోయు యంత్రపు బొమ్మను పొదిగెను. ఆ గిటారు చక్కగానే మ్రోగెను. విన్నవారు మొదట నవ్వి, పిదప మెచ్చుకొనిరి. కలప కన్న చేయువాని చెవియే ముఖ్యమని తోరెస్ చెప్పినదానినే ఇతడు మరియొక విధముగా చెప్పెను.

మన పనసతో గిటారు చేయవచ్చునా యని చదువరులకు సందేహము కలుగవచ్చును. నిస్సంశయముగా చేయవచ్చును. ఫిలిప్పీన్సు దీవులలో సెబూ యను చోట గిటారుల తయారీ కులవృత్తివంటిది. అచ్చటివారు పనసను లంకా యందురు. వారి గిటారులలో పెక్కింటికి ప్రక్కలును వీపును ఈ లంకా చెక్కయే. పసుపువన్నె గల ఆ గిటారులు దేశదేశములకు పోవుచున్నవి. గొల్లపల్లి కుండకును, సెబూ గిటారునకును చెట్టొక్కటియే గదా!

దీనినిబట్టి ఒక లెక్క తేలుచున్నది. ఏకాండ వీణకు నిండు దుంగ కావలెను. పాత తలుపు దానికి పనికిరాదు. అతుకు వీణకు లావైన దూలము, స్తంభము చాలవచ్చును. గిటారునకు పలుచని పలకలే కావలెను గనుక, పాత యింటి పనస తలుపు ఒక్కటి చాలును. కాని పాత చెక్కను అందినదానిని అందినట్లు వాడరాదు. మేకు విరిగి లోపల దాగియుండును. రంపపు పండ్లను అది తీసివేయును. సున్నము, రంగు, నూనె లోనికింకిన పొరను చిత్రిక పట్టి తొలగింపవలెను. పురుగుపట్టిన చోటును, నార తెగిన చోటును గుర్తింపవలెను. ఇంత చేసినను పదిలో రెండు మూడు పలకలే వాద్యమునకు నిలుచును. తక్కినవి పీటలకును పెట్టెలకును పోవును. పాత కలప చౌక యని తలచువారు కూలి లెక్క వేసికొనలేదన్నమాట.

పనివారి స్థితి యెట్లున్నదో చెప్పకుండుట న్యాయము కాదు. విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. నాడు సంస్థానములలో వీణావిద్వాంసులకు ఆదరముండెను. ఇంట ఆడపిల్ల యున్నచో వీణ నేర్పించుట మర్యాదగా నెంచెడివారు. జమీందారీలు పోయినవి. వీణ నేర్చు ఇండ్లు తగ్గినవి. నిండు వీణ నెలల పని. దానిని కొనువాడు ఎప్పుడో గాని రాడు. అందుచేత గొల్లపల్లివారు మూరెడును, జానెడును గల చిన్న వీణలను చేయుచున్నారు. సభలలో అతిథులకు శాలువతో పాటు వీనిని బహూకరింతురు. అవి చూచుటకు ముచ్చటగా నుండును గాని పలుకవు. వీనివలన పనివాని ఇంట పొయ్యి వెలుగుచున్నది. దానిని తప్పుపట్టరాదు. అయినను బొమ్మ వీణలు చేయుచు పెరిగిన కుఱ్ఱవానికి కుండ గోడను చెవితో కొలుచు విద్య అలవడునా? ఉలి పట్టుట వచ్చును, వినుట రాదు. వృద్ధులైన పనివారు బ్రతికియున్న యీ దినములలోనే అది నేర్వవలెను. చెట్టు మరల పెరుగును. ఆ చెవి మరల పెరుగుటకు నేర్పువాడుండవలెను.

పనస విషయమును అంతే క్లిష్టముగా నున్నది. కూలిన చెట్టు స్థానమున త్వరగా ఫలమిచ్చు చెట్టును నాటుటకే రైతు మొగ్గుచూపును. అతని నెవరు తప్పుపట్టగలరు? కొబ్బరి కొన్నియేండ్లకు కాయ నిచ్చును. జీడి అంతకు ముందే గింజ నిచ్చును. పనస పండైనను కొంత త్వరగా నిచ్చును గాని, చేవ నిచ్చుటకు తొందరపడదు. తోటగట్టున ఒకటి, బావికడ ఒకటి, పెరటి మూల ఒకటి – పూర్వులు పనసను నాటినది ఇట్లే. తోట యంతయు పనసయే వేయుమని ఎవరును చెప్పలేరు.

కూలిన చెట్టును కాపాడుట మాత్రము కష్టము కాదు. వేళ్లతో పెల్లగిలిన పనస కనబడినప్పుడు, మొదటి కొమ్మ చీలినచోటి క్రింది భాగమును ముక్కలు చేయక నిడుపుగా విడువవలెను. కోసిన రెండు కొనలకును మట్టి గాని, పేడ గాని, రంగు గాని పూయవలెను. కొనలు త్వరగా ఎండుటవలననే పగుళ్లు మొదలగును. నేల తాకకుండ క్రింద రాళ్లు పెట్టి, పైన తాటాకులు కప్పి, గాలి యాడునట్లు ఉంచినచో, ఇంటి పని చక్కబెట్టుకొనువరకు అది చెడదు. పిదప అమ్మినను వంటచెరకు ధర కన్న మిన్నగానే పలుకును. కొనువాడు వీణ చేయువాడైనను సరే, తలుపు చేయువాడైనను సరే. తలుపైనచో, మరియొక నూరేండ్లకు అది కూలినప్పుడు ఎవరో యొకరు దానిని తట్టి చూతురు.

తిత్లీ తరువాత ఉద్దానమున నాటిన మొక్కలలో పనసలును కలవు. అవి ఇప్పుడు ఇంటి చూరును దాటుచున్న వయసులో నున్నవి. వాని మొదళ్లలో చేవ యింకను సన్నని పసుపు గీతవలె నుండును. అడుగు లావైన దుంగ కావలెనన్నచో 2050వ సంవత్సరము వరకును వేచియుండవలెను. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలునకు అప్పటికి నలువది యేండ్లు దగ్గరపడును.